మరదలి కుడి భుజం

మధ్యాహ్నం పేషెంట్లెవరూ ఉండని వేళ చూసుకుని మరదలు క్లినిక్కు మెట్లెక్కింది. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన ఫిజియోథెరపీ. పొడవాటి గది, మూడు బల్లలు, వాటి మధ్య ఆకుపచ్చ తెరలు, కిటికీ పక్క గోడకి కొక్కేలు, వాటికి వేలాడే రంగురంగుల రబ్బరు బ్యాండ్లు. ఫిజియో అప్పుడే అన్నం తిని, డబ్బా కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటోంది.

“ఏంటి, ఈ వేళప్పుడొచ్చావు? అమ్మ బాగానే ఉందా?”

“అత్తయ్యగారికేం, నిక్షేపంలా ఉన్నారు. నేనే వచ్చాను వదినా. పేషెంటుగా.”

ఫిజియో ఆమెను తేరిపార చూసింది. చేతిసంచి ఎడమ భుజానికి ఉంది. ఎప్పుడూ కుడివైపు తగిలించుకునే మనిషి. స్వెట్టరు విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి లాక్కుని, ఆ చేత్తోనే కుడి చేతి మీంచి దాన్ని మెల్లగా ఒలిచింది, చంటిపిల్లకి చొక్కా విప్పినట్టు. ఇంక అడగాల్సిందేమీ లేదు. అయినా అడగడం పద్ధతి కాబట్టి అడిగింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“చలి మొదలవకముందు నుంచి.”

“వాడికి తెలుసా?”

మరదలు తల అడ్డంగా ఊపింది. “మీ తమ్ముడికి చెప్పొద్దు వదినా. అదొక్కటీ మాటివ్వండి.”

ఫిజియోకి ఒక్కడే తమ్ముడు. జావెలిన్ కోచ్. ఒకప్పుడు తనూ విసిరినవాడే. మరదలు అతని దగ్గర నేర్చుకోవడానికి వచ్చి, ఈటె విసరడంలో దేశం మొత్తం మీద లెక్కకొచ్చే నలుగురైదుగురిలో ఒకతె అయింది, ఆ తర్వాత అతన్నే పెళ్ళి చేసుకుంది. దాంతో ఇంట్లో ఒక తమాషా ఏర్పడింది. ఇంట్లో “ఏవండీ” అనే మనిషి గ్రౌండులో అడుగు పెట్టగానే “సార్” అనాలి. ఓ రోజు మాట తడబడి వంటింట్లోంచి “సార్, ఉప్పు సరిపోయిందా?” అని కేకేస్తే అత్తగారు నవ్వలేక చచ్చింది. అప్పట్నుంచీ కొడుకు మీద విసుగొచ్చినప్పుడల్లా ఆవిడా “సార్” అనే పిలుస్తోంది.

“ఈ గదిలో మాట ఈ గది దాటదు,” అంది ఫిజియో. “అది అందరికీ ఉన్నదే, నీకేం ప్రత్యేకం కాదు. కానీ వాడికి నువ్వే చెప్పాలి. పడుకో.”

బల్ల మీద పడుకున్నాక ఆమెకు చుట్టరికాలుండవు. ఆ పని అలాగే చేసుకుంటూ వచ్చింది. మరదలి మోచేతిని పక్కకి చాపి, భుజం ఎత్తుకి తెచ్చి, వంచి, ముంజేతిని వెనక్కి తిప్పింది. అది బల్ల అంచు దాటి ఇంకా కిందికి వెళ్ళింది. విసిరేవాళ్ళ చెయ్యి అంతే, మామూలు మనుషుల కంటే వెనక్కి ఎక్కువ తిరుగుతుంది. తర్వాత ముందుకి తిప్పింది. సగం దారిలోనే ఆగిపోయింది. ఎడమ చెయ్యి సాఫీగా వెళ్ళి ఆనిన చోటికి కుడి చెయ్యి రానని మొరాయిస్తోంది. మళ్ళీ వెనక్కి తిప్పి చివరన కాస్త నొక్కింది.

“అక్కడే,” అంది మరదలు పళ్ళు బిగించి. “లోపల. వెనకవైపు.”

ఫిజియో రెండో అరచేతిని భుజం ముందువైపు ఆనించి, ఎముక తలని నెమ్మదిగా బల్లవైపుకి నొక్కి పట్టుకుంది. “ఇప్పుడు?”

మరదలు కళ్ళు తెరిచింది. “ఇప్పుడు లేదు! ఏం చేశారు?”

“ఏం చెయ్యలేదు. బంతిని గిన్నెలో సరిగ్గా కూర్చోబెట్టాను. నువ్వు చెయ్యి వెనక్కి తీసుకెళ్ళినప్పుడు అది ముందుకి జారుతోంది. వెనకాల కండ కొస ఎముకల మధ్య పడి నలుగుతోంది. లే. నిలబడి రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా దించు.”

వెనక నిలబడి చూసింది. ఎడమ రెక్క ఎముక వీపుకి అతుక్కునే కిందికి దిగింది. కుడిదాని అంచు మాత్రం సరిగ్గా పడని బీరువా తలుపులా పైకి లేచి, ఓ కుదుపుతో దిగింది. ఆ తర్వాత ఎడమ కాలి మీద నిలబడి సగం దాకా కూర్చోమంది.

“నొప్పి భుజానికి వదినా.”

“తెలుసు. కూర్చో.”

మోకాలు లోపలికి ఒరిగింది. నడుం పక్కకి జారింది. మరదలు బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుని, ఎవరో తనని చాటుగా చూసినట్టు సిగ్గుపడింది.

“జావెలిన్ విసిరేది చెయ్యే అనుకుంటారు అందరూ,” అంది ఫిజియో. “చెయ్యి కొరడా కొస లాంటిది. ఊపు రావాల్సింది కాలి నుంచి, నడుం నుంచి. అక్కడ లోటు పడితే ఆ లోటంతా భుజం పూడ్చాలి. నీ భుజం ఒక్కటే ఇద్దరి పని చేస్తోంది ఇన్నాళ్ళుగా. అలిసిపోయింది, అంతే. వెనకాల బిగిసినదాన్ని సాగదీయాలి, రెక్క ఎముకని పట్టుకునే కండల్ని, బంతిని గిన్నెలో నిలిపే కండల్ని గట్టిపరచాలి, ఆ కాలిని నిద్ర లేపాలి. నెలలు పడుతుంది. ఒకటే షరతు. నేను చెప్పేదాకా జావెలిన్ ముట్టుకోకూడదు. ముట్టుకున్నావని తెలిసిందా, ఇంకో ఫిజియోని వెతుక్కో. చుట్టరికం గిట్టరికం చూడను.”

ఆ మాట ఆమె చాలామందికి చెప్పింది. ఇద్దరి విషయంలో చేసి చూపించింది కూడా. ఆ సంగతి క్రీడాకారుల్లో అందరికీ తెలుసు.

మరదలు ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. మర్నాడు సాయంత్రం తమ్ముడు ఒంటికాలి మీద లేచి క్లినిక్కుకొచ్చాడు. తెరల వెనక ఇద్దరు పేషెంట్లుండటం చూసి తగ్గి, కుర్చీలో కూర్చుని, వాళ్ళు వెళ్ళేదాకా కాళ్ళూపుతూ ఉన్నాడు.

“నాకు చెప్పకుండా నీ దగ్గరికొచ్చిందన్నమాట.”

“నీకు చెప్తే ఏమనేవాడివి?”

“ఐసు పెట్టుకోమనేవాణ్ణి.”

“అందుకే వచ్చింది.”

అతను స్కాన్ తీయించాల్సిందేనని పట్టుపట్టాడు. సరే తీయించారు. గిన్నె అంచున పీచు లేచిందని, కండ లోపలివైపు కాస్త అరిగిందని వచ్చింది. ఆ రిపోర్టు పట్టుకుని ఎముకల సర్జన్ దగ్గరికి వెళితే ఆయన నిమ్మళంగా చెప్పాడు. విసిరేవాళ్ళలో నొప్పి లేనివాళ్ళని పట్టుకొచ్చి తీసినా ఇలాంటి ఫోటోలే వస్తాయి, కత్తి పెట్టడం ఎంతసేపు, ముందు మీ అక్కగారు చెప్పింది చేసి చూడండి అన్నాడు. తమ్ముడికి అది నచ్చలేదు. ఎండాకాలం మొదట్లో సెలక్షన్ మీట్ ఉంది. ఆపరేషన్ అంటే ఏడాది పోతుందని భయం. వ్యాయామం అంటే కళ్ళకి ఏమీ కనపడదని చిరాకు.

ఆ చిరాకుతోనే ఓ సాయంత్రం వచ్చి, తెర పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. మరదలు బల్ల మీద బోర్లా పడుకుని, బొటనవేళ్ళు పైకి పెట్టి చేతుల్ని గాల్లోకి లేపి దించుతోంది. తర్వాత గోడకి అరచేతులు ఆనించి, మోచేతులు వంచకుండా, వీపుని మాత్రం వెనక్కీ ముందుకీ తోసింది. తర్వాత ఎడమ కాలి మీద నిలబడి కొక్కేనికి కట్టిన బ్యాండు లాగింది. లాగిన ప్రతిసారీ తూలింది.

“ఇదా వైద్యం?” అన్నాడు. “మన పక్కింటి ముసలాయన ఇంతకంటే ఎక్కువ కష్టపడతాడు పొద్దున్నే.”

“అత్తయ్యగారూ అదే అన్నారు,” అంది మరదలు తూలుతూనే. “భుజం నొప్పని వెళ్తే ఒంటికాలి మీద నిలబెట్టారా, ఏం తప్పు చేశావమ్మా అని.”

ఫిజియో నవ్వలేదు. తమ్ముడి వైపు తిరిగి, “చొక్కా విప్పి ఆ బల్ల మీద పడుకో” అంది.

“నేనా? నాకేం?”

“పడుకోరా.”

అక్క గొంతులో ఆ ‘రా’ వినపడ్డాక అతను చిన్నప్పట్నుంచీ మారు చెప్పి ఎరగడు. పడుకున్నాడు. ఫిజియో అతని కుడి మోచేతిని వంచి, ముంజేతిని ముందుకి తిప్పింది. పెద్దగా కదల్లేదు. వెనక్కి తిప్పింది. కొంత దూరం వెళ్ళేసరికి అతని మొహం ముడుచుకుపోయింది. చెయ్యి వీపు వెనక పెట్టమంటే బొటనవేలు బెల్టు దగ్గరే ఆగిపోయింది.

“ఇలా ఎప్పట్నుంచి?”

“ఏమో. మానేసినప్పట్నుంచీ. అంతకుముందు నుంచేనేమో.”

“మానేసింది దీనివల్లేనా?”

తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. మరదలు బ్యాండు లాగడం ఆపేసింది.

“అప్పట్లో విసిరే ముందు చెయ్యి వెనక్కి తీస్తే గుండె జారిపోయేది,” అన్నాడు చివరికి. “మా సార్ నీకు ధైర్యం చాలడం లేదురా అనేవాడు. అదే అనుకున్నాను. ధైర్యం చాలని వాణ్ణి కదా, ఉన్నవాళ్ళకి నేర్పిద్దామని ఇటొచ్చాను.”

ఆ రోజుల్లో ఫిజియో వేరే ఊళ్ళో చదువుకుంటోంది. సెలవులకి ఇంటికొచ్చేది. తమ్ముడు ఆట మానేశాడని తల్లి చెబితే, పోనీలే, చదువుకుంటాడు అనుకుంది. అంతకుమించి అడిగినట్టు గుర్తు లేదు. ఇప్పుడు అతని చేతిని మెల్లగా తెచ్చి పక్కన పెట్టి, “లే, చొక్కా వేసుకో. నీక్కూడా ఓ రెండు చెప్తాను, ఇంట్లో చేసుకో” అంది.

ఆ తర్వాత అతను ఎగతాళి చెయ్యలేదు. అలాగని పూర్తిగా నమ్మాడనీ కాదు. ఇంట్లో టీవీ ముందు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మోచేతిని ఛాతీ అడ్డంగా లాక్కుని కూర్చుంటున్నారని, చూస్తుంటే తనకే మెడ పట్టేస్తోందని తల్లి ఫోనులో చెప్పింది.

చలికాలం చాలావరకు అలా గడిచింది. మరదలి చెయ్యి ముందుకి తిరగడం మొదలుపెట్టింది. మొదట కొంచెం, తర్వాత రెండో చేత్తో పోల్చుకునేంత. రెక్క ఎముక వీపుని వదలడం మానేసింది. ఎడమ కాలి మీద కూర్చుని లేవడం కుదిరింది, చేతిలో బరువు పట్టుకుని కూడా. గోడకేసి రబ్బరు బంతి కొట్టి పట్టుకునే దాకా వచ్చారు. కింద కళ్ళజోళ్ళ దుకాణం వాడు పైనుంచి దబదబలు వినపడుతున్నాయని ఒకసారి ఫిర్యాదు చేసి వెళ్ళాడు. మరదలు మెట్లు దిగుతూ అతని దగ్గరికెళ్ళి, “ఇంకొన్నాళ్ళు ఓర్చుకోండి, మెడల్ వస్తే మీ అద్దాల బీరువాలో పెడతాను” అని చెప్పిందట. అతను ఆ తర్వాత పల్లెత్తు మాట అనలేదు.

“ఎప్పుడు వదినా?” అనడిగేది మరదలు వచ్చిన ప్రతిసారీ.

“చెప్తాను,” అనేది ఫిజియో. బంతి దాకా వచ్చినా ఈటె మాటెత్తలేదు. తొందరపడి చెడగొట్టుకున్నవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. ఆలస్యం చేసి చెడగొట్టుకున్నవాళ్ళు తన దగ్గరికి రారు కాబట్టి వాళ్ళ సంగతి తెలియదు.

ఓ సోమవారం పొద్దున మరదలు వచ్చి కూర్చున్న తీరు చూడగానే ఫిజియోకి అర్థమైంది. సంచి మళ్ళీ ఎడమ భుజానికెక్కింది. పడుకోబెట్టి చెయ్యి వెనక్కి తిప్పింది. ఇంకా నొక్కకముందే మరదలు ఊపిరి బిగబట్టింది.

“విసిరావు.”

మరదలు నీళ్ళు నమిలింది.

“ఎవరు వేయమన్నారు?”

మరదలు మొహం అటు తిప్పుకుంది. ఫిజియో ఇంకేమీ అడగలేదు. జవాబు తనకి తెలుసనుకుంది. ఐసు పెట్టి పంపించేసి, సాయంత్రం పేషెంట్లందర్నీ ముగించుకుని నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది.

తల్లి బాల్కనీలో బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు నేల మీద కూర్చుని ఈటె పట్టుకునే చోట తాడు చుడుతున్నాడు. మరదలు స్నానాల గదిలో ఉంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఫిజియో చెప్పులు కూడా విప్పలేదు.

“నీకు సిగ్గుందా?” అంది. “ఆ రోజు బల్ల మీద పడుకుని కథలు చెప్పావే, నీ సార్ ఇలా అన్నాడు, అలా అన్నాడు అని. నువ్వూ ఆయన దోవే పట్టావు కదరా! నెలల తరబడి నేను ఇటుక మీద ఇటుక పేరుస్తుంటే ఒక్క పూటలో తన్నేశావు. ఆమె నీకు పెళ్ళామా, పందెం గుర్రమా?”

తమ్ముడి చేతిలో తాడు ఆగిపోయింది. “ఏమైంది?”

“ఏమైందా? శనివారమో ఆదివారమో జావెలిన్ వేయించావు. భుజం మళ్ళీ మొదటికొచ్చింది. వేయించలేదను చూద్దాం.”

“శనివారమా?” అంది తల్లి బాల్కనీలోంచి. “శనివారం వీడు...”

“అమ్మా,” అన్నాడు తమ్ముడు. అని స్నానాల గది తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తాడుని చూశాడు. “అవునక్కా. నేనే వేయించాను.”

“ఎందుకు?”

“మీట్ దగ్గర పడుతోంది కదా. ఎలా ఉందో చూద్దామని.”

తల్లి నోరు తెరిచి, మూసుకుని, చేతిలో ఉన్న దుప్పటిని మళ్ళీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఫిజియో ఇంకా చాలా అంది. చిన్నప్పుడు మేడ మీంచి గొడుగు పట్టుకుని దూకిన సంగతి దగ్గర్నుంచి తీసింది. అతను అన్నీ తలొంచుకుని పడ్డాడు. చివర్లో మాత్రం, “నన్నేమన్నా అను. ఆమెని మాత్రం మానెయ్యకు. తప్పు నాది కదా, షరతు తప్పింది ఆమె కాదు కదా” అన్నాడు.

“నువ్వు ఆమె ట్రైనింగు దరిదాపులకి రాకూడదు. నేను పిలిచేదాకా.”

“రాను.”

అదృష్టం కొద్దీ భుజం త్వరగానే దారికొచ్చింది. కింద వేసిన పునాది గట్టిదే. కొన్నాళ్ళు విశ్రాంతి, రెండు మెట్లు వెనక్కి, మళ్ళీ పైకి. మరదలు మాత్రం మాట తగ్గించేసింది. “ఎప్పుడు వదినా?” అనడం మానేసింది. చెప్పింది చెప్పినట్టు చేసి వెళ్ళిపోతోంది. ఫిజియో దాన్ని బుద్ధి వచ్చిందని అర్థం చేసుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మరదలు బోర్లా పడుకుని, బల్లకి ఉండే కంతలో మొహం పెట్టి చేతులు లేపుతోంది. ఫిజియో ఆమె రెక్క ఎముక మీద రెండు వేళ్ళు ఆనించి చూస్తోంది.

“వదినా,” అంది మరదలు. గొంతు కంతలోంచి నేల మీదికి పడి అక్కణ్ణుంచి వచ్చినట్టు వినపడింది. “ఆ శనివారం ఆయన ఊళ్ళో లేరు.”

“ఏ శనివారం?”

“కోచ్‌ల మీటింగుకి వేరే ఊరెళ్ళారు. నేనే గ్రౌండుకెళ్ళాను. ఊరికే చూసొద్దామనే వెళ్ళాను, ఒట్టు. మా పొడుగు ఉంది కదా...”

పొడుగు అంటే కొత్తగా చేరిన అమ్మాయి. పందొమ్మిదేళ్ళు నిండని పిల్ల, తలుపులోంచి వంగి రావాల్సినంత పొడుగు. అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

“గడ్డిలో నా దూరానికి ఒక ఎర్ర జెండా పాతి ఉంటుంది. ఏడాదిగా అక్కడే ఉంది. పొడుగు ఆ రోజు దాన్ని దాటించింది. దాటించి, పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చి అక్కా, చూశావా అని కావలించుకుంది. పాపం దానికేం తెలుసు. నేను బాగుందే అని, దాని చేతిలో జావెలిన్ తీసుకున్నాను.”

“ఎన్నిసార్లు వేశావు?”

“నొప్పొచ్చేదాకా.”

ఫిజియో వేళ్ళు ఆ ఎముక మీదే ఉన్నాయి. అది తీరుగా, వీపుని వదలకుండా కదులుతోంది.

“మరి వాడెందుకు ఒప్పుకున్నాడు?”

“నేను ముట్టుకుంటే మీరు మానేస్తానన్నారు కదా. ఆయన వేయించారంటే మానెయ్యరు. ఆ రోజు నేను స్నానాల గదిలోంచి అంతా విన్నాను. బయటికొచ్చి చెప్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు.”

“మోచెయ్యి దించకు,” అంది ఫిజియో. “ఇంకా మూడు ఉన్నాయి.”

మరదలు మూడూ చేసింది. లేచి కూర్చుని, కంత అంచు నొక్కుకున్న ఎర్రటి గుర్తు మొహం చుట్టూ ఉండగా, “ఇప్పుడు మానేస్తారా?” అనడిగింది.

ఫిజియో బల్ల మీద కాగితం మార్చింది. కోపం వచ్చింది, కానీ అది ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ఈ అమ్మాయికి రోజూ ఒంటికాలి మీద నిలబడటం నేర్పింది, గోడని తోయడం నేర్పింది. విసిరే మనిషికి విసరడం ఎప్పుడు తిరిగి వస్తుందో మాత్రం చెప్పలేదు. ఎటూ తెలియని మనిషి కనపడిన ఈటెని పట్టుకుంది.

“ఎల్లుండి రా,” అంది. “గ్రౌండుకే, నేనూ వస్తాను. ఇక్కడికి కాదు.”

మర్నాడు పొద్దున్నే ఒక్కతే గ్రౌండుకి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళయింది అటువైపు వచ్చి. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. రేకుల షెడ్డులో ఈటెల గుత్తి, ఒక బెంచీ, నీళ్ళ డబ్బాలు. తమ్ముడు నలుగురైదుగురు పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. అక్కని చూసి గబగబా వచ్చాడు.

“నేను ఆమె దగ్గరికే వెళ్ళడం లేదక్కా. కావాలంటే అడుగు.”

“నువ్వు ఆ శనివారం ఊళ్ళో లేవట.”

తమ్ముడు దొరికిపోయినవాడిలా షెడ్డు రేకుల వైపు చూశాడు. “చెప్పేసిందా?”

“నేనన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డావురా? ఒక్క ముక్క చెప్తే పోయేది కదా.”

“నీ తిట్లు నాకేమన్నా కొత్తా? గొడుగు సంగతి ఎన్నిసార్లు విన్నాను.” పిల్లల వైపు చూస్తూ, “నువ్వు మానేస్తే ఆమె ఇంకెవరి దగ్గరికీ వెళ్ళదక్కా. నాకు తెలుసు. నాలాగే మింగేసుకుని తిరుగుతుంది” అన్నాడు.

ఫిజియో క్షమించమని అడగలేదు. ఆ ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. బెంచీ మీద కూర్చుని, “ఆమె విసిరిన వీడియోలున్నాయా నీ దగ్గర? చూపించు” అంది.

ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి చూశారు. తమ్ముడు మెల్లగా నడిపించి, ఒకచోట వేలు పెట్టి ఆపాడు. “ఇక్కడ చూడు. విసిరే ముందు ఎడమ కాలు కర్రలా నిలబడాలి. రెండేళ్ళ కిందట నిలబడేది. ఇదిగో, ఇది పోయినేడాది. మోకాలు మెత్తబడిపోతోంది. ఒళ్ళు ముందుకి జారిపోతే చెయ్యి వెనకాల ఉండిపోతోంది. కాలు, కాలు అని గొంతు చించుకునేవాణ్ణి. వినడం లేదనుకున్నాను.”

“వినకేం. నిలబెట్టే బలం లేదు ఆ కాల్లో.”

“అదే నువ్వు ఒంటికాలి మీద...”

“అదే.”

ఇద్దరూ కాసేపు ఆగిన బొమ్మనే చూశారు. తమ్ముడికి తెలిసింది ఒకటి, అక్కకి తెలిసింది ఒకటి, రెండూ ఒకే మోకాలి గురించి. ఇన్నాళ్ళూ ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి అడ్డమేమిటో ఇద్దరికీ తోచలేదు.

ఆ మర్నాడు ముగ్గురూ కలిశారు. ముందు చేతిలో ఇమిడే బంతి, నిలబడి, సగం బలంతో. మధ్యలో ఒక రోజు ఖాళీ. పొద్దున్నే నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు. బంతి తర్వాత తేలిక ఈటె, తర్వాత అసలుది, నిలబడి, ఆపైన రెండడుగులేసి. ఎన్ని వేసిందో లెక్క పెట్టే పని తమ్ముడిది. దూరం కొలిచే టేపు షెడ్డులోంచి బయటికి తీయకూడదని ఫిజియో ఆజ్ఞ. ఎర్ర జెండాని కూడా పీకించేసింది. మొదటిసారి పూర్తి పరుగుతో విసిరిన రోజు మరదలు, “సార్, ఎంత దూరం?” అనడిగితే తమ్ముడు అక్క వైపు చూసి, “కొలవలేదు” అన్నాడు. కళ్ళతో కొలిచేశాడని ముగ్గురికీ తెలుసు.

ఆ మధ్యలోనే ఫిజియో తల్లిని అడిగింది, వాడు ఊళ్ళో లేడని నీకు తెలుసు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని.

“నువ్వు అడిగితే కదా,” అంది తల్లి. “వచ్చావు, అరిచావు, వెళ్ళావు. వచ్చినవాళ్ళని ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి అని వంద అడుగుతావు. మా దగ్గరికొచ్చేసరికి నీకన్నీ ముందే తెలిసిపోతాయి.”



మీట్ నాడు ఎండ బాగా కాసింది. తల్లీ కూతురూ స్టేడియం మెట్ల మీద, రేకుల నీడ పడే చోట చూసి కూర్చున్నారు. జట్టుకి ఇద్దర్నే తీసుకుంటారు. మరదలు మొదటి రెండు విసుర్లలో బిగుసుకుపోయినట్టు కనపడింది. మూడోసారి పరిగెత్తి వచ్చి విసిరినప్పుడు ఫిజియో కళ్ళు ఆమె ఎడమ కాలి మీదే ఉన్నాయి. కాలు నేలలో పాతినట్టు నిలబడింది. మోచెయ్యి ఎత్తు తగ్గలేదు. ఆ తర్వాత చెయ్యి ఒంటికి అడ్డంగా సాఫీగా దిగింది. మరదలు భుజం తడుముకోలేదు. ఫిజియో ఊపిరి వదిలింది.

తల్లి మోచేత్తో పొడిచింది. “ఎక్కడ పడిందే?”

“ఏమో, చూడలేదు.”

“ఏం చూస్తున్నావు మరి ఇంతసేపూ?”

అందరి విసుర్లూ అయ్యాక మరదలికి మూడో స్థానం వచ్చింది. రెండో స్థానానికీ దానికీ తేడా జానెడు. మరదలు వాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుని, తెచ్చుకున్న అరటిపళ్ళు రెండూ తిని, మూడోది అత్తగారి సంచిలోంచి తీసుకుంది. తింటుండగా కళ్ళ నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, తినడమూ ఆపలేదు. తమ్ముడు కంచె అవతల నిలబడి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, దగ్గరికి రావాలో వద్దో తేల్చుకోలేక పొడుగుతో ఏదో మాట్లాడుతూ ఉండిపోయాడు. పొడుగు ఆరో స్థానంలో వచ్చింది.

“నొప్పి?” అంది ఫిజియో.

“లేదు వదినా.” మరదలు ముక్కు ఎగబీల్చింది. “అసలు లేదు. అదే కదా ఏడుపు. ఇంకా వేయగలను, కానీ ఇంకో విసురు ఇవ్వరు.”

“వచ్చే ఏడాది ఇస్తారు.”

“వచ్చే ఏడాదికి ముప్ఫై నిండుతాయి.”

“నిండనీ.”

వానలు తగ్గి కొత్త సీజను మొదలయ్యే ముందు తమ్ముడు తన దగ్గరున్న పిల్లలందర్నీ క్లినిక్కుకి తోలుకొచ్చాడు. ఎవరికీ నొప్పి లేదు. లేకముందే చూపించాలని. మెట్ల నిండా చెప్పులు. కళ్ళజోళ్ళ దుకాణం వాడు బయటికొచ్చి లెక్కపెట్టి లోపలికి వెళ్ళాడు. కిటికీ పక్క బల్ల మీద పొడుగు పడుకుంటే పాదాలు అంచు దాటి బయటికి వేలాడాయి. ఫిజియో ఆమె కుడి చెయ్యి ముందుకి తిప్పింది. అప్పుడే కొంత దూరం వెళ్ళి ఆగిపోతోంది.

“వారంలో ఎన్ని వేయిస్తున్నావు దీని చేత?” అంది తమ్ముణ్ణి పిలిచి.

అతను చెప్పాడు.

“సగం చెయ్యి.”

“సగమా! అంత పొడుగు పిల్ల, అంత బలం, సగం వేస్తే ఏం నేర్చుకుంటుందక్కా? పావు తగ్గిస్తాను.”

“బేరమాడటానికి ఇదేమన్నా కూరగాయల బజారా?”

“నువ్వు గదిలో కూర్చుని చెప్తావు. గ్రౌండులో నిలబడేది నేను.”

“నిలబడి ఏం చూశావు ఇన్నాళ్ళూ?”

పక్క బల్ల మీద మరదలు తన వంతు వ్యాయామం చేసుకుంటోంది. మీట్ అయిపోయినా మానలేదు. తెర తప్పించి తల బయటికి పెట్టింది.

“సార్, వదినా, మీరిద్దరూ బయటికెళ్ళి పోట్లాడుకోండి. ఇక్కడ పేషెంట్లున్నారు.”

పొడుగు కిసుక్కున నవ్వింది. అక్కా తమ్ముడూ మెట్ల దగ్గరికెళ్ళి, చెప్పుల మధ్య కాళ్ళు పెట్టుకోవడానికి చోటు చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టారు.